తండ్రి సంవత్సరీకం, కొడుకు నాస్తికత్వం

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, హైదరాబాదులో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు, పోయిన ఏడాది కాలం చేశారు. కాలేజీ రోజుల నుంచే నాకు దేవుడి మీద నమ్మకం లేదు. అయినా పెద్దకర్మ దాకా అన్నీ చేశాను. ఇప్పుడు సంవత్సరీకం దగ్గరపడింది. ఈసారి నమ్మకం లేకుండా పీట మీద కూర్చోలేనని ఇంట్లో చెప్పాను. అప్పటి నుంచి అమ్మ నాతో సరిగా మాట్లాడడం లేదు. మా మేనమామ, ‘మన ఇంటా వంటా లేని బుద్ధి ఇది, తెల్లవాళ్ళ చదువు తెచ్చిపెట్టింది, తండ్రికి పిండం పెట్టనివాడికి ఆయన పొలంలో వాటా ఎందుకు’ అన్నారు. తమ్ముడికి నమ్మకం ఉంది. నా భార్యకూ ఉంది. మా ఐదేళ్ళ పాపకు ఏమవుతుందోనని ఆమెకు భయం. నాస్తికత్వం నిజంగా మనది కానిదేనా? ఈ పరిస్థితిలో నేనేం చేయాలి?

సమాధానం:

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. రెండోదానికి నా అభిప్రాయం ముందే చెబుతాను. మీరు నమ్మని సంకల్పాన్ని మీ నోటితో చెప్పవద్దు, కానీ ఆ రోజు ఆ ఇంటిని విడిచి ఉండవద్దు. ఈ రెండూ కలిసి ఎలా కుదురుతాయో తర్వాత వివరంగా రాస్తాను. దానికన్నా ముందు మీ మేనమామగారి మాటను పరిశీలించాలి. ఆయన చెప్పిన చరిత్ర సరైనది కాదు. ఆ చరిత్రను మీరు కూడా సగం నమ్మినందువల్లనే కాబోలు, మీ ఉత్తరంలో పరాయి వస్తువును దొంగచాటుగా ఇంట్లోకి తెచ్చినవాడి బెరుకు కనిపిస్తోంది. ఆ బెరుకు అక్కరలేదు.

మీ ఇంట్లో ఇవాళ జరుగుతున్న వాదం వాల్మీకి రామాయణంలోనే ఉంది. చిత్రకూటంలో ఉన్న రాముడు తండ్రి మరణవార్తను భరతుడి నోట విని, మందాకినిలో తర్పణం విడిచి, గారపిండిలో రేగుపండ్లు కలిపి దర్భల మీద పిండం పెడతాడు. మేము తింటున్నదే నీకు పెడుతున్నాము, మనిషి ఏది తింటాడో అతని దేవతలూ అదే తింటారు అని తండ్రిని ఉద్దేశించి అంటాడు. దశరథ మహారాజుకు ఆ అడవి పిండి పిండమా అని తర్వాత కౌసల్య దాన్ని చూసి దుఃఖిస్తుంది. అదే అయోధ్యాకాండలో, కొన్ని సర్గల తర్వాత, జాబాలి అనే బ్రాహ్మణుడు రాముడితో వాదానికి దిగుతాడు. పితృకార్యాల పేరుతో జనం అన్నాన్ని పాడుచేస్తున్నారని, చనిపోయినవాడు ఏం తింటాడని, ఒకరు తిన్నది మరొకరి ఒంటికి పడుతుందంటే ఊరికి వెళ్ళినవాడికి కూడా ఇంట్లోనే శ్రాద్ధం పెట్టవచ్చు కదా, ఇక దారిబత్తెం మూట కట్టడం దేనికని అడుగుతాడు. కంటికి కనిపించేదాన్ని పట్టుకో, కనిపించనిదాన్ని వెనక్కి నెట్టు అని రాముడికి సలహా ఇస్తాడు.

రాముడు ఈ మాటలకు తీవ్రంగా కోపగించుకుంటాడు. సత్యం మీదనే లోకం నిలిచి ఉందని సమాధానం చెబుతాడు. నిన్ను రాజ్యానికి తిరిగి రప్పించాలనే జాబాలి అలా మాట్లాడాడని వసిష్ఠుడు సర్దిచెబుతాడు. కావ్యం రాముడి పక్షానే నిలిచింది, అందులో సందేహం లేదు. జాబాలి గెలిచాడని నేను వాదించబోవడం లేదు. కానీ తండ్రిని పోగొట్టుకున్న కొడుకు ఎదుట, శ్రాద్ధం గురించి, ఈ ప్రశ్న అడగడం ఎవరికైనా తోచగలదని ఆ కవికి తెలుసు. ఆ ప్రశ్నను బలహీనపరచకుండా, పూర్తిగా చెప్పనిచ్చి, ఆ తర్వాతే దానికి జవాబు చెప్పించాడు. తరతరాలుగా ఇళ్ళలో పారాయణ చేస్తున్న గ్రంథంలో మీ ప్రశ్న ఉన్నప్పుడు అది మన ఇంటా వంటా లేనిదెలా అవుతుంది?

దేవుడూ పరలోకమూ లేవన్న ప్రాచీన భారతీయ తాత్త్వికులు చార్వాకుల సంగతీ ఇంతే. వారి సొంత గ్రంథాలు దాదాపుగా మిగలలేదు. వారి గురించి మనకు తెలిసినదంతా ప్రధానంగా వారిని ఖండించినవారు రాసిపెట్టినదే. 14వ శతాబ్దంలో మాధవాచార్యులు దర్శనాలన్నింటినీ సంగ్రహిస్తూ చేసిన రచన చార్వాక మతంతోనే మొదలవుతుంది. అప్పుచేసైనా నెయ్యి తాగమన్నారని లోకం చెప్పుకునే శ్లోకం అందులోనిదే. పక్కనే ఉన్న మరో శ్లోకం మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఇక్కడ ఇచ్చిన దానంతో స్వర్గంలో ఉన్నవారు తృప్తిపడతారంటే, మేడ మీద ఉన్నవారికి కింద నుంచే ఎందుకు పెట్టరాదని అందులో అడుగుతారు. ఒక సంప్రదాయానికి ప్రతినిధులుగా దాని ప్రత్యర్థులే మిగిలినప్పుడు దాని ఆలోచనలోని పదును పోయి, విలాసం ఒక్కటే గుర్తుండిపోతుంది. చార్వాకులకు జరిగిన అన్యాయం అదేనని నా అభిప్రాయం. ఈశ్వరుణ్ణీ పరలోకాన్నీ మాత్రమే కాక, జ్ఞానానికి ఆధారాలని అందరూ ఒప్పుకున్న ప్రమాణాలను సైతం ప్రశ్నించిన జయరాశి భట్టు గ్రంథం తాళపత్ర ప్రతి 1926లో గుజరాత్‌లోని పాటణ్‌లో దొరికి, 1940లో అచ్చయింది. అది దొరికి ఉండకపోతే ఆ ధోరణిలో అంత లోతైన తర్కం ఉండేదని కూడా మనకు తెలిసేది కాదు.

ఇంకొక సంగతి మీ మేనమామగారికే కాదు, చాలామంది నాస్తికులకు కూడా ఆశ్చర్యం కలిగిస్తుంది. వేదకర్మలను అందరికన్నా గట్టిగా సమర్థించిన పూర్వమీమాంసకులు సృష్టికర్త అయిన ఈశ్వరుణ్ణి ఒప్పుకోలేదు. వారిలో ప్రముఖుడైన కుమారిల భట్టు సృష్టికర్త ఉన్నాడనే వాదాన్ని తర్కంతో ఖండించాడు, యజ్ఞం మాత్రం విధిగా చేయాలన్నాడు. ప్రాచీన సాంఖ్య దర్శనం ఈశ్వరుడి అవసరం లేకుండానే ప్రపంచాన్ని వివరించింది. జైనులూ బౌద్ధులూ సృష్టికర్తను అంగీకరించలేదు. మీ తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలోని భట్టిప్రోలు స్తూపం క్రీస్తుకు పూర్వపు నాటిది. సృష్టికర్త అక్కరలేని మతాన్ని మీ ప్రాంతపు రైతులూ వర్తకులూ రెండు వేల ఏళ్ళ కిందటే ఆదరించారు. వీరందరూ ఇవాళ్టి అర్థంలో నాస్తికులని అనను. బౌద్ధులకు కర్మ, పునర్జన్మ ఉన్నాయి, మీమాంసకులకు స్వర్గం ఉంది. మనుస్మృతి నాస్తికుడన్నది దేవుణ్ణి కాదన్నవాణ్ణి కాదు, వేదాన్ని నిందించినవాణ్ణి. అందుకే సృష్టికర్తను ఖండించిన కుమారిలుడు ఆస్తికుల పంక్తిలో కూర్చున్నాడు, దయను బోధించిన బుద్ధుడు ఆ పంక్తికి బయట నిలిచాడు.

ఇక తెల్లవాళ్ళ చదువు మాట. నాస్తికత్వం వారి దేశాలలో సుఖంగా పెరిగిన మొక్క కాదు. స్కాట్లండులో థామస్ ఐకెన్‌హెడ్ అనే 20 ఏళ్ళ విద్యార్థిని మతాన్ని దూషించాడన్న నేరం మీద 1697లో ఎడిన్‌బరోలో ఉరితీశారు. ఇంగ్లండులో చార్లెస్ బ్రాడ్లా 1880లో పార్లమెంటుకు ఎన్నికైనా, నాస్తికుడైన అతనికి ప్రమాణస్వీకారం దగ్గర ఏర్పడిన చిక్కు వల్ల 1886 దాకా సభలో స్థానం దక్కలేదు. ఆ దేశాలలో మతం అంటే మొదట ఒక విశ్వాస ప్రకటన. నమ్ముతున్నానని నోటితో చెప్పాలి. అందువల్ల నమ్మనని అనడమే అక్కడ నేరమైంది. ఇప్పటికీ మతదూషణ చట్టాలున్న దేశాలలో జరుగుతున్నది అదే.

మన దగ్గర కథ వేరే దారిన నడిచింది, మీ ఇంట్లో వచ్చిన చిక్కుకు మూలం అందులోనే ఉంది. మన సమాజం ఏం నమ్ముతున్నావని మనిషిని అడగడం తక్కువ. ఏం చేస్తున్నావని, ఎవరితో తింటున్నావని, ఎవరిని పెళ్ళి చేసుకుంటున్నావని, చనిపోయినవారికి ఏం పెడుతున్నావని అడిగింది. ఆలోచనకు ఇంత స్వేచ్ఛ ఇచ్చిన సమాజం ఆచరణ దగ్గర ఒక్క అంగుళం కూడా వదలలేదు. మీ జీవితమే చూడండి. కాలేజీ రోజుల నుంచి మీకు నమ్మకం లేదు, అది ఇంట్లో కొద్దో గొప్పో తెలిసే ఉంటుంది, ఇన్నేళ్ళూ ఎవరూ మీతో మాటలు మానలేదు. పీట మీద కూర్చోనని అన్న రోజునే మీరు నాస్తికులయ్యారు. మతం బలంగా ఉన్న సమాజంలో నాస్తికత్వం తత్త్వశాస్త్రపు ప్రశ్నగా ఎంతకాలమైనా ఎవరినీ నొప్పించకుండా ఉండగలదు. అది నడతగా మారిన రోజున మాత్రం దానికి వెల కట్టవలసి వస్తుంది.

ఈ వెల కట్టినవారు మీ ఊరి పక్కనే ఉన్నారు. కవిరాజుగా పేరుపొందిన త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో స్థిరపడ్డారు, ఆ పట్టణ పురపాలక సంఘానికి అధ్యక్షులుగా పనిచేశారు. పురాణ కథలను శూద్రుల వైపు నుంచి, శంబూకుడి వైపు నుంచి తిరిగి చెప్పారు. ఆయన చేసిన పనులలో నాకు అన్నింటికన్నా గొప్పగా తోచేది పెళ్ళితంతును తెలుగులో రాయడం. ఎవరికీ అర్థంకాని మంత్రాల బదులు వధూవరులకూ బంధువులకూ అర్థమయ్యే మాటలు రాసి, తానే దగ్గరుండి పెళ్ళిళ్ళు జరిపించారు. ఉన్నదాన్ని తిట్టి ఊరుకోక, దాని స్థానంలో మనుషులు కూర్చోగలిగే మరో పీట వేశారు. మీ మేనమామగారి కన్నా పై తరంవారిలో తెనాలి ప్రాంతంలో కవిరాజు పేరు వినని ఇల్లు తక్కువ. ఇంటా వంటా లేదన్న మాట మీ ప్రాంతానికైతే అసలే వర్తించదు.

ఇక్కడే ఒక మాట. ఇలాంటి సమయంలో మీ మిత్రులు వేమన పద్యాలు, ముఖ్యంగా పిండాలనూ కాకులనూ వెక్కిరించే పద్యం, మీకు పంపుతారు. దాన్ని ఆ ఇంట్లో చదవకండి. వేమన నాస్తికుడు కాడు, ఆయన లోపలి శివుణ్ణి వెతికినవాడు. అన్నింటికీ మించి, భర్త పోయిన ఏడాదికి మీ అమ్మగారికి ఆ పద్యం వినిపించడం వాదం కాదు, క్రూరత్వం.

గోరాగా ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావు (1902–1975) గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే మీకు ఉపయోగపడేది ఆయన జీవితమే. ఆయన సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, వృక్షశాస్త్రంలో ఎం.ఏ. చేసి, కళాశాలల్లో పాఠాలు చెప్పారు. జంధ్యం తీసివేసినందుకు తండ్రి ఆగ్రహించడంతో ఇల్లు విడవవలసి వచ్చింది. నాస్తిక భావాల వల్ల 1933లో కాకినాడలో ఉద్యోగం పోయింది, తర్వాత మచిలీపట్నంలోనూ అదే జరిగింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ముదునూరులో గోరా దంపతులు చేసిన పనులను చూడండి: వయోజనులకు చదువు చెప్పడం, అంటరానివారని ఊరు వెలివేసినవారితో కలిసి సహపంక్తి భోజనాలు పెట్టడం. దేవుడు లేడని నిరూపించే ఉపన్యాసాలకన్నా ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటున్నామన్నదే వారికి ముఖ్యమైంది.

ఆయన 1944 చివరలో సేవాగ్రామం వెళ్ళి గాంధీని కలిశారు. బెంగాల్ కరువు నాటి కలకత్తాలో తినుబండారాల దుకాణాల పక్కనే మనుషులు ఆకలితో చనిపోతుండడం గురించి చెప్పారు. చనిపోయేవారు తమ రాత అనుకున్నారు, తిన్నవారూ వారి రాత అనుకున్నారు, ఆ రాత అన్న మాట లేకపోతే వీరిద్దరూ అలా ఉండగలిగేవారు కాదన్నది ఆయన వాదం. గాంధీ జీవితమంతా రామనామం జపించినవాడు. నా ఆస్తికత్వం సరైనదనీ నీ నాస్తికత్వం తప్పనీ నేను చెప్పలేను, మనం సత్యాన్ని వెతుకుతున్నవాళ్ళం అన్న అర్థం వచ్చే మాట గాంధీ అన్నట్లు గోరా స్వయంగా రాశారు. గోరా తన పెద్ద కుమార్తె మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి పెళ్ళి చేయాలనుకున్నప్పుడు, ఆ పెళ్ళి తన ఆశ్రమంలోనే జరగాలని గాంధీ కోరారు. నాస్తికుల పెళ్ళి కాబట్టి ప్రమాణంలో దేవుడు అన్నచోట సత్యం అని మార్చడానికి కూడా ఒప్పుకున్నారు. ఆ ముహూర్తం లేని పెళ్ళి గాంధీ హత్య తర్వాత, 1948 మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది. ఒక ఆస్తికుడు, ఒక నాస్తికుడు తమ తమ మాట విడవకుండానే ఒక పెళ్ళిపందిరి కింద కలవడానికి ఏం కావాలో ఆ ఘట్టం చూపిస్తుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ ఎదుటివారిని అబద్ధం ఆడమని అడగలేదు.

గోరా భార్య సరస్వతి గురించి ముఖ్యంగా మీ భార్యకు చెప్పండి. పదేళ్ళ వయసులో పెళ్ళయిన ఆమె గర్భవతిగా ఉన్నప్పుడు సూర్యగ్రహణం చూశారు. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు అవకరం వస్తుందని ఇప్పటికీ మన అపార్ట్‌మెంట్లలో తలుపులు మూసుకునే విషయమే అది. ఆ ఇంట తొమ్మిదిమంది పిల్లలు పెరిగారు. ఉప్పు సత్యాగ్రహం నాడు పుట్టిన కొడుకుకు లవణం అని పేరు పెట్టారు. ఆ లవణం తర్వాత మహాకవి గుర్రం జాషువా కుమార్తె హేమలతను వివాహమాడారు, ఆ దంపతులు స్టూవర్టుపురంలో నేరస్థ జాతులన్న ముద్రపడినవారి మధ్యా, నిజామాబాద్ జిల్లాలో ఆడపిల్లలను దేవత పేరిట అంకితం చేసే జోగినీ దురాచారం మీదా ఏళ్ళ తరబడి పనిచేశారు. నాన్న నాస్తికుడైతే పిల్లలకు ఏమవుతుందన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి సమాధానం నాకు తెలియదు.

ఇదంతా చెప్పిన తర్వాత మిమ్మల్ని ఒక ప్రశ్న అడగడం నా బాధ్యత. మీ ఉత్తరంలో దేవుడి ప్రస్తావన ఉంది, పిండం ప్రస్తావన ఉంది, కులం ప్రస్తావన ఎక్కడా లేదు. కవిరాజు నుంచి గోరా దాకా, తమిళనాడులో పెరియార్ దాకా, ఈ నేల మీద నాస్తికత్వాన్ని నడతగా చేసుకున్నవారందరికీ అసలు గొడవ అక్కడే. శ్రాద్ధం మాని, కట్నం పుచ్చుకున్నవాడు నాకు నాస్తికుడిగా కనిపించడు. ముహూర్తం మాని, కులం చూసి సంబంధం కలుపుకున్నవాడూ అంతే. మీరు అలాంటివారని అనడం లేదు, నాకు తెలియదు. కానీ మీ అమ్మగారి కన్నీళ్ళ దగ్గర మీరు చూపిస్తున్న నిక్కచ్చితనం, మీకు లాభం తెచ్చే ఆచారాల దగ్గర కూడా ఉందా లేదా అని మీరే చూసుకోవాలి. మీ నిజాయితీని బంధువులు కొలిచేది కూడా దానితోనే.

ఇప్పుడు సంవత్సరీకం సంగతి. సంకల్పం అంటే గోత్రనామాలు చెప్పి, ఫలానా నేను, ఫలానా పితరుల తృప్తి కోసం, ఈ శ్రాద్ధం చేస్తున్నానని ఉత్తమపురుషలో చేసే ప్రకటన. మీరు నమ్మనిదాన్ని మీ పేరు మీద, మీ నాన్నగారి పేరు చెప్పి ప్రకటించడం మీకూ ఆయనకూ మర్యాద కాదు. నమ్మేవారి దృష్టితో చూసినా అంతే, శ్రద్ధతో చేసేదే శ్రాద్ధమని వారే అంటారు. పైగా మీ తమ్ముడు ఉన్నాడు, అతనికి నమ్మకం ఉంది. పెద్దకొడుకు చేయలేనప్పుడు చిన్నకొడుకు చేయడం మన ఊళ్ళలో ఉన్నదే. అందువల్ల మీరు చేయకపోతే ఆ కార్యం ఆగిపోయే పరిస్థితి కూడా లేదు.

అమ్మగారితో మాత్రం ఫోనులో మాట్లాడకండి. ఆ తిథికి ఒక వారం ముందే ఊరు వెళ్ళండి. మేనమామగారు లేనప్పుడు, తమ్ముడు కూడా పక్కన లేనప్పుడు ఆమె దగ్గర కూర్చోండి. దేవుడున్నాడా లేడా అన్న మాట మీరు ఎత్తకండి. నాన్నగారి గురించి మాట్లాడండి, మాట్లాడనివ్వండి. ఆమె భయం ఏమిటో అడగండి. ఆయన ఆకలితో ఉంటారన్న భయమా, నలుగురిలో మాట పడుతుందన్న భయమా, తాను పోయాక కూడా కొడుకు ఇలాగే దూరంగా నిలబడతాడన్న భయమా? ఈ మూడింటికీ సమాధానాలు వేరువేరు. నా అంచనాలో మూడోదే అన్నింటికన్నా బలమైనది, ఆమె దాన్ని తనంతట తాను చెప్పదు. అప్పుడు మీరేం చేస్తారో, ఏం చేయరో రెండూ స్పష్టంగా చెప్పండి. చేయనిది ఒక్కటే, సంకల్పం. చేసేవి చాలా ఉన్నాయి.

ఆ రోజు తెల్లవారుజామున కూరలు తేవడం దగ్గర నుంచి, వంటకు కావలసినవి చూడడం, వచ్చినవారికి కాళ్ళకు నీళ్ళివ్వడం, వడ్డన చేయడం, చివరి పంక్తిలో అమ్మతో కలిసి కూర్చుని తినడం దాకా అన్నీ మీ పనులే. తమ్ముడు పీట మీద ఉన్నంతసేపూ మీరు ఆ గదిలోనే ఉండండి. అమ్మ పక్కన కూర్చోమంటే కూర్చోండి. ఊరికే కూర్చోవడం అబద్ధం కాదు. పురోహితుడితో వాదించకండి. ఆయన తన పని తాను చేసుకోవడానికి వచ్చారు, దక్షిణ ఖర్చులో మీ వాటా మీరు ఇవ్వండి. ఎవరైనా కావాలని గుచ్చి అడిగితే, నాకు ఆ నమ్మకం లేదండీ, తమ్ముడు చేస్తున్నాడు, నేను ఇక్కడే ఉన్నాను అని ఒక్క వాక్యంలో చెప్పి, మీ పనిలో పడండి. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునే అలవాటు మీ ఇంట్లో ఉంటే, ఆ బట్టలు కొనుక్కుని రండి. ఇదంతా రాజీ కదా అని కొందరు నాస్తిక మిత్రులు అంటారు. నేను ఒప్పుకోను. మీరు నమ్మనిదాన్ని నమ్ముతున్నానని చెబితే రాజీ అవుతుంది, దుఃఖంలో ఉన్న ఇంట్లో పనిచేస్తే కాదు.

నాన్నగారి కోసం మీ నమ్మకానికి తగినట్లుగా మీరు కూడా ఏదో ఒకటి చేయాలి, లేకపోతే మీ నిరాకరణ ఒక్కటే అందరికీ గుర్తుంటుంది. ఆయన బడిపంతులు. ఆయన పనిచేసిన బడికి ఏటా ఆ తిథి నాడే పుస్తకాలు ఇవ్వండి. మొదటి ఏడాది అమ్మను వెంట తీసుకువెళ్ళి ఆమె చేత ఇప్పించండి. ఆయన దగ్గర చదువుకున్నవారు ఆ ఊళ్ళో ఉంటారు, వారిని పిలవండి, ఆయన గురించి వారు చెప్పేవి అమ్మను విననివ్వండి. ఇది శ్రాద్ధానికి బదులని చెప్పవద్దు. ఇది మీరు చేసేది, అంతే.

మీ భార్య పూజగది జోలికి వెళ్ళకండి. పాపను మీ ఇద్దరి మధ్య తీర్పరిని చేయకండి. అమ్మ నమ్ముతుంది, నాన్న నమ్మడు, నువ్వు పెద్దయ్యాక ఆలోచించుకో అని ఇద్దరూ ఒకే మాట చెబితే ఐదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. దేవుడికి కోపం వస్తుందని పాపను భయపెట్టకూడదని మీ భార్యను మీరు అడగవచ్చు, అమ్మది మూఢత్వమని పాప ముందు అనకూడదని ఆమె మిమ్మల్ని అడగవచ్చు. జనన ధ్రువపత్రంలో మతం, కులం లేవని రాసుకునే వీలు కల్పించాలని తెలంగాణ హైకోర్టు 2023లో చెప్పింది. కానీ అలాంటి నిర్ణయం మీరొక్కరే తీసుకునేది కాదు, భార్యతో కలిసి తీసుకోవలసినది.

పొలం సంగతి మేనమామగారితో వాదించకండి, అయితే తెలిసి ఉండండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి ఆస్తిలో మీకు వచ్చే వాటాకూ, మీరు పిండం పెట్టడానికీ సంబంధం లేదు. నాస్తికుడైనంత మాత్రాన ఆ హక్కు పోదు. అమ్మకూ, ఆడపిల్లలుంటే వారికీ సమాన వాటా ఉందని మాత్రం ఆయన గుర్తుంచుకోవాలి, మీరు కూడా. రాజ్యాంగం 25వ అధికరణం మత స్వేచ్ఛతోపాటు అంతరాత్మ స్వేచ్ఛను కూడా ఇచ్చింది. మన శాసనసభ్యులు దైవసాక్షిగా అనకుండా ప్రమాణం చేసే వీలు కూడా ఆ రాజ్యాంగంలోనే ఉంది. చట్టం మీ వైపే ఉందన్న ధైర్యం మనసులో ఉంటే, ఆయనతో మెత్తగా మాట్లాడడం మీకు సులువవుతుంది.

చివరిగా, మీ విషయంలో ఏం జరగాలో ఇప్పుడే రాసిపెట్టండి. మీ తర్వాత ఏ కర్మలూ అక్కరలేదనుకుంటే ఆ సంగతి మీ భార్యకు ముందుగా చెప్పి, ఆమె ఒప్పుకోలేనివి ఏమైనా ఉంటే అవి ఆమె ఇష్టానికే వదిలేయండి. నేత్రదానం, శరీరదానం చేయాలని ఉంటే అంగీకారపత్రం మీద సంతకం ఒక్కటీ చాలదు, ఆ సమయంలో కుటుంబసభ్యులు ఒప్పుకోవాలి. కళ్ళను సుమారు 6 గంటలలోపు తీసుకోవలసి ఉంటుంది. శరీరం కోసం దగ్గరలోని వైద్య కళాశాల అనాటమీ విభాగంలో ముందే పేరు నమోదు చేయించి, ఆ ఫోను నంబరు మీ భార్య దగ్గరా తమ్ముడి దగ్గరా ఉంచండి.